కనెక్టెడ్ కారు అమ్ముతున్నారా? ముందు యాప్‌లోంచి తీసేయండి

కారు అమ్మి మూడు వారాలయ్యాక, ఫోన్‌లో ఖాళీ లేదని పాత యాప్‌లన్నీ తీసేస్తూ కారు యాప్ తెరిచి చూద్దును కదా, బండి కూకట్‌పల్లిలో ఏ సందులో ఆగి ఉందో మ్యాప్‌తో సహా కనబడుతోంది. అమ్మేరోజు కారు స్క్రీన్ రీసెట్ చేసే ఇచ్చాను. కానీ ఆ రీసెట్ కారు లోపల ఉన్నవాటికే, కంపెనీ సర్వర్‌లో బండి ఇంకా నా పేరు మీదే ఉంది.

ఇలా ఇంటర్నెట్‌కి కలిసి ఉండే కనెక్టెడ్ కార్లలో ఈసిమ్ (లోపలే బిగించి వచ్చే సిమ్) ఉన్న చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. మన దగ్గర 2019లో హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్, ఆ వెంటనే పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కియా సెల్టోస్‌తో ఇది మామూలు జనం దాకా చేరింది. బండి ఎక్కడుంది, ఎంత స్పీడులో వెళ్తోంది, బ్యాటరీ ఎలా ఉంది, ఏ ఎర్రర్ కోడ్ పడింది, ఇలాంటివన్నీ క్లౌడ్‌కి, అంటే కంపెనీ సర్వర్లకి, వెళ్తుంటాయి. కంపెనీకి దీనివల్ల లాభం చాలానే ఉంది: ఒకే మోడల్ బండ్లు వందల్లో ఒకే కోడ్ చూపిస్తే లోపం ఏ పార్టులో ఉందో తొందరగా దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్‌తో పోయేదైతే బండి షెడ్డుకి రాకుండానే సరిచేయొచ్చు. 2018లో టెస్లా మోడల్ 3 బ్రేకుల పనితీరును ఇలాగే, ఇంటి దగ్గరున్న బండికే అప్‌డేట్ పంపి మెరుగుపరిచింది.

అలాగని కంపెనీ దగ్గరుంటే భద్రమే అనుకోకండి. క్లౌడ్ సెట్టింగ్ తప్పుగా పెట్టడం వల్ల జపాన్‌లో దాదాపు 21.5 లక్షల మంది కస్టమర్ల సమాచారం, బండ్లు ఎక్కడున్నాయన్నదాంతో సహా, ఏళ్ల తరబడి బయటివాళ్లకు అందేలా ఉండిపోయిందని 2023లో టయోటాయే చెప్పింది.

ఇక చేయాల్సిన పని. తాళాలు ఇచ్చేముందే యాప్‌లో బండి వివరాల్లోకి వెళ్లి, ఇంట్లోవాళ్లకు ఇచ్చిన షేరింగ్, ఫోన్‌లోని డిజిటల్ తాళం ఉంటే అదీ తీసేసి, ఆఖర్న బండినే అకౌంట్ నుంచి తొలగించండి. ఊరికే యాప్ డిలీట్ చేస్తే లాభం లేదు, అకౌంట్ అక్కడే ఉంటుంది. తర్వాత స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, లేదంటే మీ కాంటాక్టులు, మ్యాప్‌లో పెట్టుకున్న ఇంటి అడ్రస్ కొత్తాయనకి కానుకగా వెళ్తాయి. కస్టమర్ కేర్‌కి ఛాసిస్ నంబర్ చెప్పి, ఓనర్ మారినట్టు మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో 'అయిపోయింది సార్' అంటే నమ్మొద్దు. అన్నట్టు, ఫాస్టాగ్ కూడా క్లోజ్ చేయించండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లైతే బండిని మీ ఫోన్‌లో యాడ్ చేసి చూడండి. ఇప్పటికే వేరేవాళ్ల పేరు మీద ఉందంటే, అది తీయించేదాకా కొంత డబ్బు ఆపండి.

నా సంగతికొస్తే, కస్టమర్ కేర్ వాళ్లు కొత్త ఓనర్ ఆర్‌సీ అడిగారు. ఆయనకి ఫోన్ చేసి విషయం చెబితే నమ్మలేదు. బాల్కనీలోకి రమ్మని, యాప్‌లోంచి కింద బండి హారన్ మోగించాను. పది నిమిషాల్లో ఆర్‌సీ ఫొటో వాట్సాప్‌లో వచ్చేసింది.