అప్‌గ్రేడ్ మధ్యలో వై, ఎన్ అడిగితే

మిర్యాలగూడలో రెండు రైస్ మిల్లుల బిల్లింగ్ సర్వర్లు చూసుకునేది నేనే. రెండూ డెబియన్ అనే లినక్స్ మీద నడుస్తాయి. కోతల సీజన్‌లో కాటా ముందు లారీలు బారులు తీరతాయి, అందుకే అప్‌గ్రేడ్ ఎప్పుడూ రాత్రి పూటే.

డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను అప్‌గ్రేడ్ చేసే ఆప్ట్ కమాండ్ మధ్యలో ఆగి, సెట్టింగుల ఫైలును ఏం చేయమంటారని అడిగితే టెన్షన్ వద్దు. ఆ ఫైలును మీరూ మార్చారు, కొత్త ప్యాకేజీలోనూ అది మారింది. రెండూ జరిగితేనే ఆ ప్రశ్న వస్తుంది. వై అంటే కొత్త ఫైలు వేసుకోమని, ఎన్ అంటే మీదే ఉంచమని. ముందు డి కొట్టండి, రెండు ఫైళ్ల తేడా చూపిస్తుంది. మైనస్ గుర్తున్న వరుస మీది, ప్లస్ ఉన్నది కొత్తది. బిల్లు పేజీని అందించే వెబ్ సర్వర్ అపాచీ, దాని పోర్టుల ఫైల్లో ‘లిజన్ 8080’ మైనస్‌తో, ‘లిజన్ 80’ ప్లస్‌తో కనిపించిందనుకోండి. అక్కడ వై కొడితే పోర్టు 80కి మారిపోయి పొద్దున కౌంటర్లో బిల్లు పేజీ తెరుచుకోదు, మిల్లు సేటు ఫోన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. తేడా చూపే తెర నుంచి క్యూ కొట్టి బయటికొచ్చి ఎన్ అనండి. ఉత్త ఎంటర్ కొట్టినా మామూలుగా మీదే ఉంటుంది.

ఎన్ అంటే కొత్తది ‘డీపీకేజీ-డిస్ట్’ తోకతో, వై అంటే మీది ‘డీపీకేజీ-ఓల్డ్’ తోకతో పక్కనే మిగులుతుంది. తర్వాత సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ ఫోల్డర్లో ఆ తోకలు వెతికి, కావలసిన కొత్త వరుసలు మీ ఫైల్లోకి తెచ్చుకోండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనినే. అపాచీ రీస్టార్ట్‌కు ముందు సెట్టింగుల్లో తప్పులున్నాయేమో చూసే కాన్ఫిగ్‌టెస్ట్ ఒకసారి నడపండి.