అకౌంట్స్ జాబ్‌కి కవర్ లెటర్ ఎలా రాయాలి: బీకామ్ ఫ్రెషర్స్ కోసం

బీకామ్ అయిపోయి, టాలీ (అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులకి మెయిల్స్ పెడుతున్న పిల్లల కోసం ఇది. మా ఆఫీసుకి వచ్చే అప్లికేషన్లు చూసేది నేనే, చాలా లెటర్లు "ఐ యామ్ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్" అనే మొదలవుతాయి, చాట్‌జీపీటీతో రాయించినవైతే ఇంకా ఘోరం, పేరు మారుతుంది అంతే. వాళ్లలో పని బాగా వచ్చినవాళ్లు ఉంటారు, కానీ ఆ సంగతి లెటర్‌లో ఎక్కడా కనపడదు, నా బాధ అదే.

ముందు యాడ్ నిదానంగా చదవండి. టాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్న్స్, బ్యాంక్ రికన్సిలియేషన్ (మన లెక్కల్ని బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడడం) తెలిసినవాళ్లు కావాలి అని ఉందనుకోండి, మీ లెటర్ మొత్తం ఆ మూడింటి గురించే ఉండాలి. ఇంటర్ మార్కులు, నాన్నగారి పేరు, హాబీలు ఏవీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. "జీఎస్టీ తెలుసు" అని రాస్తే ఎవరూ నమ్మరండి, అందరూ అదే రాస్తారు. ఏం చేశారో చెప్పండి. ఉదాహరణకి ఒక సీఏ గారి దగ్గర కొన్నాళ్లు పనికి వెళ్లారనుకోండి, అప్పుడు ఇలా రాయొచ్చు: "ఒక హోల్‌సేల్ షాపు సేల్స్ బిల్లులు టాలీలో ఎంట్రీ చేసి 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1కి డేటా రెడీ చేసేదాన్ని, 14న 2బీ రాగానే పర్చేజ్ రిజిస్టర్‌తో మ్యాచ్ చేసి, సప్లయర్ అప్‌లోడ్ చేయని బిల్లులు లిస్ట్ తీసి 20న 3బీ వేసేలోపు వాళ్లకి ఫోన్ చేసేదాన్ని." (జీఎస్టీఆర్-1 అంటే అమ్మకాల రిటర్న్, 2బీ అంటే సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే లిస్ట్, 3బీ అంటే నెల పన్ను లెక్క చూపే రిటర్న్.) ఇది చదివితే నాకు వెంటనే అర్థమైపోతుంది ఈ అమ్మాయి నిజంగా సీట్లో కూర్చుని పని చేసిందని, ఎందుకంటే సప్లయర్ బిల్లు ఎక్కించక ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) ఆగిపోతే ఓనర్ జేబుకే చిల్లు, ఆ ఫోన్లు చేసే మనిషే మాకు కావాలి. దీన్నే ఇంగ్లీష్‌లో చిన్న చిన్న వాక్యాల్లో పెట్టండి, పెద్ద పెద్ద పదాలు వద్దు.

ఎక్కడా పని చేయలేదా, పర్లేదు. మీ ఊళ్లో తెలిసిన కిరాణా షాపు, మెడికల్ షాపు ఏదైనా ఉంటే వాళ్లనడిగి ఒక నెల బిల్లులు టాలీలో ఎక్కించి బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడండి, తర్వాత అది ప్రాక్టీస్ కోసం చేశాను అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మాత్రం దయచేసి పెట్టొద్దు, కంపెనీలు పీఎఫ్ యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ చూస్తున్నాయి, జాయిన్ అయ్యాక దొరికినా ఉద్యోగం పోతుంది.

గ్రూప్స్‌కనో బ్యాంక్ ఎగ్జామ్స్‌కనో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్ నగర్‌లో రెండేళ్లు చదివి వచ్చినవాళ్లు ఆ గ్యాప్ దాచడానికి చూస్తారు. ఎందుకు దాచడం? "రెండేళ్లు పోటీ పరీక్షలకి ప్రిపేర్ అయ్యాను, ఇప్పుడు అకౌంట్స్‌లోనే ఉండాలనుకుంటున్నాను" అని ఒక్క లైన్ చాలు, పరీక్షల కోసం మధ్యలో వెళ్లిపోతారేమో అన్నదే మా భయం, ఆ లైన్‌తో అది తగ్గుతుంది.

సైజ్ వచ్చి మూడు చిన్న పేరాలు, అర పేజీ. మొదటి పేరాలో ఏ పోస్టు, యాడ్ ఎక్కడ చూశారు, రెండోదాంట్లో పైన చెప్పిన పని, మూడోదాంట్లో ఎప్పుడు జాయిన్ అవ్వగలరు, ఎక్కడ ఉంటారు (ఉండేది ఎల్బీ నగర్, ఆఫీసు పటాన్‌చెరు అయితే ఎలా వస్తారో కూడా), ఫోన్ నంబర్. స్కూల్లో లీవ్ లెటర్‌లా "ఐ బెగ్ టు స్టేట్" లాంటివి తీసేయండి, డియర్ సర్ ఆర్ మేడమ్ చాలు, పేరు తెలిస్తే పేరే రాయండి.

లెటర్‌ని మెయిల్ బాడీలోనే పెట్టండి, రెజ్యూమె ఒక్కటే పీడీఎఫ్‌గా మీ పేరుతో అటాచ్ చేయండి. సబ్జెక్ట్ ఖాళీగా వదలొద్దు, పోస్టు పేరు, మీ పేరు, టాలీ, జీఎస్టీ అని ఉంటే సరిపోతుంది. ఒకే మెయిల్ నలభై కంపెనీలకి టూ లో పెట్టి పంపేవాళ్లున్నారు, అది ఓపెన్ చేయగానే పక్కన పెట్టేస్తాం.

పంపాక ఒక వారం ఆగండి. రిప్లై రాకపోతే అదే మెయిల్‌కి రెండు లైన్లు రాసి అడగండి, నెలలో 20వ తేదీ దాటాక అడిగితే ఇంకా మంచిది, రిటర్న్స్ హడావుడి తగ్గి చదివే టైమ్ మాకూ దొరుకుతుంది.