వెనుక బెంచీకీ కనిపించే ప్రాజెక్టు

ప్రాజెక్టు రోజున పిల్లలందరూ ఒకే బల్ల చుట్టూ మూగడం, వెనుకవాళ్లకు ఏమీ కనిపించకపోవడం బెంగళూరులోని మా తరగతిలో మామూలే. దానికి, బల్ల మీది వస్తువును తెర మీద చూపించే డాక్యుమెంట్ కెమెరా కొననక్కర్లేదు. ప్రొజెక్టరుకు కలిపిన ల్యాప్‌టాప్‌లో గూగుల్ మీట్ తెరిచి, అదే సమావేశంలో ఫోనుతోనూ చేరండి. ఫోనులో వెనుక కెమెరా ఎంచుకుని, మైకు, ధ్వని రెండూ ఆపేయండి. లేకపోతే గదంతా కీచుమంటుంది. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తుకు పుస్తకాలు పేర్చి, కెమెరా మాత్రం అంచు దాటి కిందికి చూసేలా ఫోను పెట్టండి. లాల్‌బాగ్ తోటలో ఏరుకొచ్చిన రాలుటాకుల ఈనెలు గోడంత పెద్దవిగా కనిపించగానే వెనుక బెంచీ నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. నాకెంతో ఇష్టమైన ఘడియ అది! నెట్ నెమ్మదిగా ఉంటే బొమ్మ మసకబారుతుంది. అప్పుడు ఫొటో తీసి యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూపించడమే మేలు.