ఎస్‌వీఎన్ సర్వర్‌లో ‘యాక్సెస్ డినైడ్’: ఏ గడప దగ్గర ఆగిందో కనుక్కోండి

సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్) అంటే ఫైళ్లలో చేసిన మార్పులన్నిటినీ చరిత్రతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. దాని సర్వర్‌లో ఎవరి పనైనా ఆగిందంటే చాలు, అందరం ముందు ఆథ్‌జెడ్ ఫైలే, అంటే ఎవరికి ఏ ఫోల్డర్ మీద ఏ హక్కుందో రాసే ఫైలే తెరుస్తాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. తీరా చూస్తే చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఒక యూజరు కమిట్ చేయాలంటే, అంటే తన మార్పుల్ని సర్వర్‌కి ఎక్కించాలంటే, నాలుగు గడపలు దాటాలి: ఎస్‌వీఎన్‌సర్వ్ (సబ్‌వర్షన్ సొంత సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైలు, పాస్‌వర్డ్ ఫైలు, ఆథ్‌జెడ్, చివరికి లినక్స్ ఫైల్ పర్మిషన్లు. మొదటి మూడూ మామూలుగా రిపాజిటరీలోని (ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) ‘కాన్ఫ్’ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఇక్కడ చెప్పేది 3690 పోర్టులో నడిచే ఎస్‌వీఎన్‌సర్వ్ గురించి. అపాచీ వెబ్ సర్వర్ మీద నడిపేవాళ్లకు ఆథ్‌జెడ్ నియమాల వరకు ఇదే పనికొస్తుంది.

సమస్య: కనెక్ట్ కాగానే ‘ఆప్షన్ ఎక్స్‌పెక్టెడ్’ అని ఎర్రర్, పక్కన లైన్ నంబరు

కొత్త రిపాజిటరీలో సెట్టింగులు చాలావరకు # పెట్టిన కామెంట్లుగా ఉంటాయి. మనం # చెరిపేసి, దాని పక్కనున్న ఖాళీని అలాగే వదిలేస్తాం. లైను ఖాళీతో మొదలవకూడదు, అంతే. ఆ ఖాళీ తీసేయండి. సర్వర్‌ని రీస్టార్ట్ చేయక్కర్లేదు, కొత్త కనెక్షన్ వచ్చినప్పుడు ఫైలు మళ్లీ చదువుకుంటుంది.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ప్రమాదం: ఆథ్‌జెడ్‌లో నియమాలు చక్కగా రాశారు, కానీ ఎవరినీ ఆపడం లేదు. కాన్ఫిగ్‌లో ఆథ్‌జెడ్ ఫైలు ఏదో చెప్పే ‘ఆథ్‌జెడ్-డీబీ’ లైను ముందు # ఇంకా ఉందేమో చూడండి. ఇలాంటివాటి మీద ఫిర్యాదులు రావు కాబట్టి నెలల తరబడి బయటపడవు.

సమస్య: ఒక్కరికే, ఒక్క మెషీన్‌లోనే రానివ్వదు

ఆ సిస్టమ్‌లో పాత యూజరు లాగిన్ సేవ్ అయి ఉంటుంది. విండోస్‌లో ఎస్‌వీఎన్ వాడే టార్టాయిస్ ప్రోగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లో ‘సేవ్డ్ డేటా’కి వెళ్లి ఆథెంటికేషన్ డేటా క్లియర్ చేయండి. అప్పటికీ కాకపోతే యూజర్‌నేమ్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడండి. పాస్‌వర్డ్ ఫైల్లో ఒకలా, ఆథ్‌జెడ్‌లో ఒకలా రాస్తే సర్వర్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు. అన్నట్టు, ఆ పాస్‌వర్డ్ ఫైల్లో అన్నీ విప్పి రాసినట్టే ఉంటాయి. సర్వర్ నడిపే అకౌంట్‌కి తప్ప ఇంకెవరికీ రీడ్ ఇవ్వకండి.

సమస్య: ఫైళ్లు వస్తున్నాయి, లాగ్ (మార్పుల చరిత్ర) అడిగితే ‘ఐటమ్ ఈజ్ నాట్ రీడబుల్’

లాగిన్ కానివాళ్లకు ఏ హక్కో చెప్పేది కాన్ఫిగ్‌లోని ‘ఆనాన్-యాక్సెస్’. మీరు మార్చకపోతే దాని విలువ ‘రీడ్’. దాంతో సర్వర్ పేరు అడగకుండానే లోపలికి రానిస్తుంది. లాగ్ దగ్గరికి వచ్చేసరికి అనామకుడికి కొన్ని ఫోల్డర్లు మూసి ఉంటాయి, అక్కడ ఆగిపోతుంది. ‘ఆనాన్-యాక్సెస్ = నన్’ అని పెట్టండి. ఆఫీసు రిపాజిటరీకి ఎలాగూ ఉండాల్సింది అదే.

సమస్య: నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఎవరికీ పనిచేయడం లేదు

ఆథ్‌జెడ్‌లో ఎవరో చెయ్యి పెట్టారు. లేని గ్రూప్ పేరు ఒక్క నియమంలో రాసినా ఫైలు మొత్తం చెల్లదు. ‘ఎస్‌వీఎన్‌ఆథ్‌జెడ్ వ్యాలిడేట్’ కమాండ్‌తో ముందే పరీక్షించుకోవచ్చు. దాని తోబుట్టువు ‘యాక్సెస్ఆఫ్’, ఏ యూజరుకి ఏ పాత్ మీద ఏ హక్కు ఉందో చెప్పేస్తుంది.

సమస్య: కమిట్‌లు వెళ్తున్నాయి, ట్రంక్ (అసలు పని జరిగే ఫోల్డర్) నుంచి బ్రాంచ్ (దాని కాపీ) తీయబోతే ‘యాక్సెస్ డినైడ్’

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. బ్రాంచెస్ ఫోల్డర్ మీద రైట్ ఉంది, ట్రంక్ మీద ఉంది, మరి ఏంటి అడ్డం? ట్రంక్ లోపల జీతాల ఫోల్డర్ ఒకటి ఉంది. దానికి విడిగా సెక్షన్ రాసి, ‘* =’ అని అందరికీ మూసేసి, అకౌంట్స్ గ్రూప్‌కి మాత్రం తెరిచారు. లోపలి పాత్‌లో మనకు వర్తించే లైను దొరికిందంటే రిపాజిటరీ మొత్తానికీ రాసిన ‘[/]’ సెక్షన్ లెక్కలోకి రాదు. * అంటే అందరూ కాబట్టి డెవలపర్లకు అక్కడ రీడ్ లేదు. ఫోల్డర్‌ని కాపీ చేయాలంటే దాని అడుగు దాకా ప్రతిదాని మీదా రీడ్ ఉండాలి. ఒక్క మూల మూసి ఉన్నా కాపీ మొత్తం ఆగిపోతుంది.

ప్రస్తుతానికి గట్టెక్కాలంటే పూర్తి హక్కున్నవారి చేత బ్రాంచ్ తీయించండి. సరైన మందు మాత్రం ఆ ఫోల్డర్‌ని వేరే రిపాజిటరీకి మార్చడమే. రహస్యాలను ట్రంక్‌లో పెట్టి నియమాలతో కాపలా కాయడం నాకు ఎప్పుడూ కలిసిరాలేదు.

సమస్య: కమిట్ అయింది, కానీ ‘రీడ్‌ఓన్లీ డేటాబేస్’ అని హెచ్చరిక

ఇది నాలుగో గడప. ఎవరో రూట్‌గా (లినక్స్ అడ్మిన్ అకౌంట్‌తో) ఏదో కమాండ్ నడిపితే, లేదా కొందరు ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌కి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) మీద వస్తుంటే, రిపాజిటరీలోని ‘డీబీ’ ఫోల్డర్‌లో ఫైళ్లు తలా ఒకరి పేరున పడతాయి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకే గ్రూప్‌కి మార్చి, గ్రూప్‌కి రైట్ ఇవ్వండి. దానికీ, సబ్‌ఫోల్డర్లకూ సెట్‌జీఐడీ బిట్ (కొత్త ఫైళ్లు కూడా అదే గ్రూప్‌కి వచ్చేలా చేసే గుర్తు) పెట్టి, కొత్త ఫైళ్లకు గ్రూప్ రైట్ పోకుండా యూమాస్క్ 002 ఉండేలా చూడండి.

ఒక్క చిక్కు మిగులుతుంది. ఆ గ్రూప్‌లో ఉండి, సర్వర్‌లో షెల్ (నేరుగా కమాండ్లు నడిపే వీలు) ఉన్నవాళ్లు ఎస్‌వీఎన్‌సర్వ్‌ని తాకకుండా రిపాజిటరీని నేరుగా తెరవగలరు. అప్పుడు ఆథ్‌జెడ్‌ని అడిగేవాళ్లే ఉండరు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ కీ ఇచ్చేటప్పుడు, ఆ కీతో ఎస్‌వీఎన్‌సర్వ్ టన్నెల్ కమాండ్ ఒక్కటే నడిచేలా కట్టేసి ఇవ్వండి.