పెద్ద ఇంటికో పుస్తకం పెట్టండి

మండువా లోగిలి గానీ, నాలుగు వాటాల మేడ గానీ, పెద్ద ఇల్లున్నవాళ్లు ఇంటి మరమ్మతులు రాసుకోవడానికి గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పేజీలు తేదీల వారీగా కాకుండా చోటు వారీగా విడగొట్టండి: పెంకుల కప్పు, వంటిల్లు, బావి మోటారు, పైన ట్యాంకు. ఏ పని చేయించినా ఆ పేజీలోనే తేదీ, మేస్త్రి ఫోన్ నంబరు, ఖర్చు, వాడిన సరుకు రాయాలి. "రంగు వేయించాం" అంటే చాలదు. "హాలు తూర్పు గోడ, కంపెనీ పేరు, షేడ్ నంబరు, మిగిలిన డబ్బా మెట్ల కింద" అని ఉంటే రేపు మరక పడ్డా అదే రంగు తెచ్చుకోవచ్చు.

పెంకుల పేజీ మాత్రం ఓపిగ్గా నింపండి. రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే పెంకులు సర్దించి, ఎన్ని మార్చారో, ఏ మూల కారిందో, చెద పట్టిన దూలం ఏదో రాసుకోవాలి. రెండు మూడేళ్లు వరసగా అదే మూల కారుతుంటే కొత్త పెంకులు వేయించడం ఆపి, కింద వాసం కుంగిందేమో, వాలు తగ్గిందేమో చూపించండి. ఏటా మేస్త్రి మారుతుంటాడు, పాత సంగతి అతనికెలా తెలుస్తుంది?

గోడల్లో పైపులు, వైర్లు వేయించినప్పుడు అవి ఎక్కడున్నాయో తర్వాత తెలిసేలా, ప్లాస్టరింగు కాకముందే కొలత టేపు ఆనించి ఫోటో తీయండి. వెనక అట్టకు కవరు అంటించి ఇంటిపన్ను రసీదులు అందులో పెట్టండి. దస్తావేజులు బీరువాలోనే ఉండాలి. కొత్తగా రాసిన ప్రతి పేజీనీ ఫోటో తీసి అన్నదమ్ముల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఖర్చు పంచుకునేటప్పుడు మాటా మాటా రాదు.