పెన్సిల్ కంటే ముందు భుజం: అయిదేళ్ళలోపు పిల్లల చేతులను ఆటలతో సిద్ధం చేయడం

మూడేళ్ళ పిల్ల క్రేయాన్‌ని పిడికిట్లో బిగించి గీస్తుంటే చాలామంది పెద్దల చేయి ఊరుకోదు, ఆ వేళ్ళు విడదీసి సరిగ్గా పట్టించబోతారు. వేళ్ళలో లోపమేమీ లేదు. చేతిమీద పట్టు భుజం దగ్గర మొదలై మోచెయ్యి, మణికట్టు దాటుకుంటూ చివరికి వేళ్ళ కొసలకు చేరుతుంది. భుజం నిలకడగా లేనప్పుడు వేళ్ళు గీత గీయలేవు, పెన్సిల్‌ని గట్టిగా పట్టుకుని ఉండటానికే వాటి బలం సరిపోతుంది. పైగా మణికట్టులోని 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడుతూ వస్తాయి. చివరిదాని వంతు బడిలో చేరిన చాన్నాళ్ళకు గానీ రాదు.

కాబట్టి వరస ఇది: ముందు ఒళ్ళు, తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత వేళ్ళు. కింద చెప్పే ఆటలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. మీ పాప వయసుకు చెప్పిన ఆట కష్టమైతే వెనక ఉన్నదానికి వెళ్ళండి. అక్కడే ఎక్కువ రోజులు ఆడించినా నష్టం లేదు.

బోర్లా పడుకున్నప్పటి నుంచే

పసిబిడ్డ బోర్లా పడుకుని తల ఎత్తడమే భుజానికి మొదటి వ్యాయామం. ఇంకా దోగాడని శిశువులను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తమ్మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఒకేసారి అరగంట అక్కర్లేదు. మొదట్లో రెండు మూడు నిమిషాల చొప్పున, రోజుకు నాలుగైదు సార్లు చాలు. పాలు తాగిన వెంటనే పడుకోబెడితే కక్కుతారు, కాస్త ఆగండి.

చాలామంది పిల్లలు నిమిషం తిరక్కుండానే ఏడుస్తారు. తల బరువు, మెడకు ఇంకా సత్తువ లేదు. ఒక పల్చటి తువ్వాలు చుట్టచుట్టి చంకల కింద నుంచి ఛాతీ కిందకు వచ్చేలా పెట్టి, చేతులు దానికి ముందువైపు ఉంచండి. మీరు కూడా నేలమీద పడుకుని ముఖం బిడ్డ ముఖానికి ఎదురుగా పెట్టండి. పైనుంచి పిలిస్తే మెడ మరీ ఎత్తాల్సి వచ్చి తొందరగా అలసిపోతారు. అప్పటికీ కుదరకపోతే మీరు వెనక్కి వాలి కూర్చుని మీ ఛాతీమీదే బోర్లా పడుకోబెట్టుకోండి. ఇదంతా బిడ్డ మెలకువగా ఉండి, మీరు పక్కనే ఉన్నప్పుడు మాత్రమే. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

దోగాడే కాలాన్ని తొందరపెట్టి దాటించకండి. అరచేతులమీద ఒంటి బరువు మోపి కదిలే అవకాశం మళ్ళీ అంత సహజంగా రాదు. చక్రాల వాకర్‌లో నిలబెడితే బిడ్డ నడక తొందరగా నేర్చుకోదు సరికదా, మెట్ల మీంచి, వేడి వస్తువుల మీదికి దూసుకుపోయే ప్రమాదం ఉంది. కెనడా 2004లో వాకర్లను నిషేధించింది. నేల శుభ్రంగా, ఖాళీగా ఉంటే చాలు. కుర్చీలో గానీ, బండిలో గానీ కట్టేసినట్టు ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టవద్దు.

గదిలో ఒక బాట

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు ఇంతకు మించిన ఆట లేదని మా గట్టి నమ్మకం. నాలుగు మజిలీలు చాలు. మొదట బల్ల కింద నుంచి పాకడం. తర్వాత నేలమీద వరసగా పరిచిన మూడు నాలుగు దిండ్లమీద నడవడం. ఆ తర్వాత రంగు టేపుతో అంటించిన మూడు మీటర్ల గీతమీద అడుగు పక్కకు పడకుండా నడవడం. చివర, రెండు మూడు పుస్తకాలు వేసిన అట్టపెట్టెను నెట్టుకుంటూ మొదటి చోటుకు రావడం.

నెట్టడం, లాగడం, పాకడం ఊరికే పెట్టలేదు. కండరాలమీద, కీళ్ళమీద బరువు పడినప్పుడు తన చేయి ఎక్కడుందో, ఎంత బలం వాడుతోందో మెదడుకు తెలుస్తుంది. పెన్సిల్‌ని కాగితం చిరిగేంత గట్టిగా నొక్కే పిల్లలకు, గీత కనబడనంత తేలిగ్గా ఆనించే పిల్లలకు కొరవడేది తరచుగా ఈ అంచనాయే. 

పెట్టె అస్సలు కదలకపోతే ఒక పుస్తకం తీసేయండి. పరుగెత్తుకుంటూ నెట్టేస్తుంటే ఒకటి కలపండి. నున్నటి నేలమీద మేజోళ్ళతో ఆడనివ్వకండి, వట్టి కాళ్ళే మంచివి, వేళ్ళు నేలను పట్టుకుంటాయి. మూడో చుట్టుకు విసుగొస్తే బాటను పిల్లల చేతే మార్పించండి. దిండ్లు ఎక్కడ వేయాలో వాళ్ళు నిర్ణయించడం మొదలుపెట్టిన క్షణం నుంచి అది వాళ్ళ ఆట.

మూడేళ్ళు దాటాక చేతుల నడక మొదలుపెట్టొచ్చు. పిల్లలు అరచేతులు నేలమీద ఆనిస్తారు, మీరు వెనక కాళ్ళు పట్టుకుంటారు, వాళ్ళు చేతులతో ముందుకు నడుస్తారు. ఇందులో జరిగే పొరపాటు ఒకటే: మడమల దగ్గర పట్టుకోవడం. అప్పుడు పొట్ట కిందకు వేలాడి నడుం వంగిపోతుంది. తొడల దగ్గర పట్టుకుంటే వీపు చదునుగా ఉంటుంది. అయిదారు అడుగులతో ఆపండి. బలం పెరిగేకొద్దీ పట్టును మోకాళ్ళ వైపు జరపండి.

ఒక హెచ్చరిక. అయిదేళ్ళలోపు పిల్లలను మణికట్లు పట్టుకుని పైకి లాగడం, గాల్లో గిరగిరా తిప్పడం వద్దు. మోచేతి దగ్గర ముంజేతి ఎముక కొస దాని పట్టు లోంచి తేలిగ్గా జారుతుంది. అలా జారితే పిల్లలు ఆ చేతిని కదపకుండా పక్కకు వేలాడేసి ఉంచుతారు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఎత్తాలంటే చంకల కింద చేతులు వేసి ఎత్తండి.

పిసికే ముద్ద

అరచేతికి బలం పిసకడంతో వస్తుంది. ఇంట్లో చేసుకునే ముద్దకు కొలతలు: రెండు కప్పుల గోధుమపిండి లేదా మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్ళు. పిండి, ఉప్పు ముందుగా కలిపి, నూనె వేసి, నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ అయిదు నిమిషాలు బాగా మర్దించండి. నీళ్ళన్నీ ఒక్కసారి పోస్తే జారుముద్ద అవుతుంది. చేతికి అంటుకుంటే చెంచాడు పిండి, పగుళ్ళు వస్తుంటే చెంచాడు నీళ్ళు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం వరకు వాడుకోవచ్చు. ఉప్పు తేమను లాగుతుంది కాబట్టి మర్నాటికి జిగురుగా అనిపిస్తే కాస్త పిండి చల్లి మళ్ళీ మర్దించండి. వాసన మారినా, మచ్చలు కనబడినా పారేయండి.

ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసులో ఈ ముద్ద ఇవ్వకండి. అందులో ఉప్పు చాలా ఎక్కువ, పచ్చిపిండీ కడుపుకు మంచిది కాదు. ఆ వయసుకు తడిగుడ్డ పిండే ఆట చాలు: ఒక గిన్నెలో నీళ్ళు, పక్కన ఖాళీ గిన్నె, గుడ్డను ముంచి ఇందులోంచి అందులోకి పిండటం. పని అవగానే నీళ్ళు పారబోయండి, ఒక్క క్షణం కూడా ఆ గిన్నె దగ్గర బిడ్డను ఒంటరిగా వదలకండి.

ముద్దతో మొదట గుద్దడం, చదును చేయడం. తర్వాత రెండు అరచేతుల మధ్య తాడులా పేనడం. ఆ తర్వాత బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్ళతో చిన్న ఉండలు చేయడం. రేపు పెన్సిల్ పట్టేది ఈ మూడు వేళ్ళే. బొమ్మల అచ్చులు ముందే ఇచ్చేస్తే పిల్లలు వాటిని నొక్కడంతోనే ఆట ముగిస్తారు, చేతులు పనిచేయవు. అచ్చులు చివర్లో ఇవ్వండి.

కాగితం గోడమీదికి

బల్లమీద గీసేటప్పుడు మణికట్టు లోపలికి వంగిపోవడం తేలిక. అదే కాగితాన్ని గోడకు, పిల్లల కళ్ళ ఎత్తులో అంటిస్తే మణికట్టు దానంతటదే వెనక్కి వంగుతుంది, బొటనవేలికి చోటు దొరుకుతుంది, భుజం పనిచేస్తుంది. కాగితం నాలుగు మూలలా గట్టిగా అంటించండి. అది జారిపోతే రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చి విసుగుపడతారు. వెడల్పు కూడా ఉండాలి, చేయి ఎడమ నుంచి కుడికి ఒంటి మధ్యను దాటిపోవాలి.

మూడేళ్ళు దాటిన పిల్లలకు పొడవాటి క్రేయాన్ కంటే మూడు సెంటీమీటర్ల ముక్క మేలు. పిడికిట్లో పట్టుకునే పొడవు ఉండదు కాబట్టి వేళ్ళకొసలతోనే పట్టుకుంటారు. ఎవరూ సరిదిద్దాల్సిన పనిలేదు. అంతకంటే చిన్నపిల్లలకు మాత్రం ముక్కలొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వాళ్ళకు లావుపాటివి ఇవ్వండి.

ఏడాదిన్నర ప్రాయంలో పిచ్చిగీతలు, మూడేళ్ళకు చూసి సున్న చుట్టడం, నాలుగేళ్ళ దరిదాపుల్లో కూడిక గుర్తు, ఆ తర్వాత చతురస్రం, అయిదు దాటాక త్రిభుజం. గీతల్లో ఏటవాలు గీతే అన్నిటికంటే ఆలస్యం, త్రిభుజానికి అది కావాలి. మన అక్షరాల్లో సున్న చుట్టే పని ఎక్కువ కాబట్టి మూడేళ్ళకే రాయించవచ్చని అనిపిస్తుంది. కానీ ‘అ’ రాయాలంటే చుట్టి, మధ్యలో ఆగి, దిశ మార్చి మళ్ళీ చుట్టాలి. సున్న వచ్చినంత మాత్రాన అది రాదు.

బొమ్మ చూపించినప్పుడు "ఇదేంటి?" అని అడగకండి. చాలా గీతలు ఏదో ఒకటి అయ్యుండాలని గీసినవి కావు, చేయి తిరిగిన తీరు అది. "ఇక్కడ ఎర్ర గీత చాలా దూరం పోయింది" అని కళ్ళకు కనబడేది చెప్పండి. వాళ్ళే మిగతా కథ చెబుతారు. "నువ్వే గీసిపెట్టు" అంటే గీసివ్వకండి. మీ బొమ్మ చూశాక తమది బాగాలేదని పిల్లలు మానేస్తారు. దేని గురించి గీయాలనుకున్నారో దాని చెవులెలా ఉంటాయి, కాళ్ళెన్ని అని మాట్లాడితే చేయి మళ్ళీ కదులుతుంది.

కత్తెర

మూడేళ్ళ తర్వాత, మొన గుండ్రంగా ఉన్న కత్తెర ఇవ్వండి. మీరు పక్కనే కూర్చోండి. పల్చటి కాగితం కత్తెర రెక్కల మధ్య మడతపడి తెగదు, తప్పు తమదే అనుకుంటారు. రెండు సెంటీమీటర్ల వెడల్పు దళసరి కాగితం పట్టీలు కోసి ఇవ్వండి, ఒక్క నొక్కుతో ముక్క తెగిపడుతుంది. అది వచ్చాక లావుపాటి గీత వెంబడి నేరుగా, ఆ తర్వాతే వంపులు. బొటనవేలు పైకి ఉండాలి. అది కిందకు తిరుగుతుంటే కాగితాన్ని పిల్లల భుజం ఎత్తులో పట్టుకోండి, చేయి దానంతటదే తిరుగుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే కావాలి. మామూలు కత్తెరను ఎడమచేత్తో నొక్కితే రెక్కలు విడిపోతాయి, కోయాల్సిన గీత రెక్క వెనక దాక్కుంటుంది.

ఏ చేయి అన్నది రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య స్థిరపడుతుంది. వస్తువును ఒంటి మధ్యకు ఎదురుగా పెట్టి ఏ చేయి చాపితే ఆ చేతికే ఇవ్వండి. మార్పించవద్దు. ఏడాది లోపే ఎప్పుడూ ఒక్క చేతినే వాడుతూ రెండోదాన్ని అస్సలు వాడకపోతే మాత్రం అది వాటం కాకపోవచ్చు, డాక్టర్‌కి చూపించండి. 18 నెలలకు నడక రాకపోయినా, వచ్చిన పనులు పోతున్నా, ఒళ్ళు మరీ బిగుసుకున్నట్టు గానీ మరీ వదులుగా గానీ ఉన్నా అంతే. "కొందరికి ఆలస్యం" అని నెలలు గడపకండి.