శ్వాసతో మొదలయ్యే ధ్యానం

ధ్యానం కొత్తగా మొదలుపెట్టేవారు పొద్దున్నే, కాఫీకి ముందు, పది నిమిషాలు కేటాయించుకుంటే చాలు. పద్మాసనమే వేయాలన్న పట్టుదల అక్కరలేదు. నాలుగు మడతలు వేసిన దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని గానీ, మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో గానీ, వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవచ్చు. కళ్లు మూసుకుని, లోపలికి వచ్చే గాలి ముక్కుపుటాల అంచున చల్లగా, బయటికి పోయే గాలి కాస్త వెచ్చగా తగలడాన్ని గమనించాలి. శ్వాసను బిగబట్టి లెక్క ప్రకారం నడిపితే అది ప్రాణాయామమవుతుంది. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఉన్న ధమ్మగిరి ధ్యాన కేంద్రంలో జరిగే 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో మొదటి మూడు రోజులూ ఇలా శ్వాసను ఊరికే గమనించే ఆనాపాన సాధనే చేయిస్తారు కనుక, దీన్ని తేలికగా తీసుకోకూడదు. రెండో నిమిషానికే మనసు కరెంటు బిల్లు మీదికో, కుక్కర్ కూత మీదికో పోతుంది (నాకైతే ఇప్పటికీ పోతుంది). విసుక్కోకుండా దాన్ని మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకోవడమే సాధన. కాళ్లు తిమ్మిరెక్కితే నెమ్మదిగా సర్దుకోవచ్చు.